తొమ్మిదో మంచం కోసం ప్రార్థన

మార్చి 4, శుక్రవారం

అక్కా,

ప్రభువు దయవల్ల నువ్వు క్షేమంగానే ఉంటావు. నీ నోటికి మాత్రం ఆయన దయ కూడా అక్కర్లేదు, ఎప్పుడూ క్షేమమే.

మొన్న ఫోను ఠప్పున పెట్టేసింది నేనే. తప్పు నాదే. మనిద్దరికీ మాటా మాటా పెరిగినప్పుడల్లా అమ్మ ఏమనేది? "నోటితో వద్దు, కాగితం మీద పోట్లాడుకోండి. కాగితం మీదైతే చెంపదెబ్బ పడదు" అనేది కదా. అందుకే వెల్డింగు కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని, షాపులో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. మసి మరకలకి ఏమీ అనుకోకు.

ఎన్నికల్లో గోదాముల ఆయనకే వెయ్యాలని నేనంటే, "నీ బుర్ర ఎవరికి అద్దెకిచ్చావురా" అన్నావు. అద్దెకివ్వలేదు. పోయినేడు ఆ మూక మన చర్చి మీద పడ్డ రోజు నువ్విక్కడ లేవు. ఆరాధన మధ్యలో రాళ్ళు వచ్చాయి. కిటికీ అద్దం పగిలి పాటల అవ్వ ఒళ్ళో పడింది. పాస్టరుగారిని జుట్టు పట్టుకుని మెట్ల మీద నుంచి ఈడ్చి, నోట్లో మట్టి కుక్కారు. నేను అడ్డం వెళ్తే ఇటుకతో తల పగలగొట్టారు. పదకొండు కుట్లు. కళ్ళలోకి రక్తం కారుతుంటే ఎదురుగా ఎవరున్నారో కూడా కనిపించలేదు. పోలీసులు రెండు గంటల తర్వాత వచ్చి మన పేర్లే రాసుకున్నారు. అప్పుడు ఆదుకున్నదెవరు? గోదాముల ఆయన మనుషులు. రెండు లారీల్లో దిగి ఆ మూకని వీధి చివరిదాకా తరిమి తరిమి కొట్టారు. మర్నాడు ఆయనే స్వయంగా వచ్చి, ఇంకా రక్తపు మరకలున్న ఆ మెట్ల మీద మోకాళ్ళూని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్కా, నాకోసం ఏడ్చినవాడికి నేను ఓటు వెయ్యకూడదా?

ఆయన మన మనిషి. విశ్వాసి. ఆయనకి పోటీగా నిలబడిన లాయరమ్మకి దేవుడంటేనే నవ్వులాట. ఆమె గెలిస్తే మళ్ళీ రాళ్ళు పడతాయి. నేను ఓటు వేసేది ఒక మనిషికి కాదు, మన ప్రహరీ గోడకి వేస్తున్నాను అనుకో.

పాస్టరుగారు ఆదివారం వేదిక మీద ఆయన తల మీద చేతులుంచి ప్రార్థించారు. ప్రచారానికి జెండా కర్రలు నా షాపులోనే చేయిస్తున్నారు. కర్రలంటే కర్రలు కావు, ఇనప పైపులు. రెండు వందలు. పై కొసకి గట్టి మూత వెల్డింగు పెట్టమన్నారు. నేను చేసే గేట్ల మీద కొట్టినట్టే ప్రతి మూత మీదా ఉలితో చిన్న శిలువ గుర్తు కొట్టాను. చూస్తే నువ్వే మెచ్చుకుంటావు.

నీ ఓటు ఇంకా ఇక్కడే ఉంది. ఏప్రిల్ 5కి సెలవు పెట్టు.

నీతో పోట్లాడకుండా ఉండలేని
తమ్ముడు

మార్చి 9, బుధవారం

ఒరేయ్ అతుకులోడా,

నీ మసి ఉత్తరం చేరింది. నా క్షేమం సంగతి సరే, నా మోకాళ్ళు మాత్రం ఈ వార్డులో తిరిగి తిరిగి అరిగిపోయాయి. ముప్ఫై మంచాల ఎముకల వార్డుకి నలభై ఒక్క మంది ఉన్నారు. ఎన్నికలొచ్చాయంటే మాకు ఇంతే. నిన్న ఒకణ్ణి తెచ్చారు, పోస్టరు చింపాడని వేళ్ళు వెనక్కి విరిచారట. నాలుగు వేళ్ళూ విరిచి బొటనవేలు వదిలేశారు, ముద్ర వెయ్యడానికి పనికొస్తుందని చెప్పి మరీ వదిలారట. వాడి పక్క మంచంలో ఉన్నవాడు వేళ్ళు విరిచిన పార్టీవాడే, వాడికి మోకాలి చిప్ప లేదు. ఇద్దరికీ ఒకే చేత్తో అన్నం తినిపిస్తున్నాను.

నీ తల పగిలినందుకు నేను ఏడవలేదనుకుంటున్నావా? వారం రోజులు ఏడ్చాను. ఆ కుట్లు వేసినవాడెవడో గానీ వంకరగా వేశాడని ఇప్పటికీ తిట్టుకుంటాను. కానీ ఒకటి చెప్పు. వీధి చివరిదాకా తరిమి కొట్టారన్నావే, ఆ దెబ్బలు తిన్నవాళ్ళు ఏమయ్యారు? వాళ్ళూ ఏదో ఒక వార్డులో పడి ఉంటారు కదా. వాళ్ళకి కుట్లు వేసే అక్క కూడా ఎవరో ఉంటుంది కదా. నేనూ రోజూ మోకాళ్ళ మీదే నిద్రలేస్తానురా. నాకు తెలిసిన ప్రభువు దెబ్బలు తిన్నాడు గానీ మనుషుల్ని పెట్టి కొట్టించలేదు. ఇంకోటి. జెండా గుడ్డ ఎంత బరువుంటుంది? దానికి మూత పెట్టిన ఇనప పైపు ఎందుకని ఎప్పుడైనా అడిగావా?

నీకు కోపం వచ్చిందని తెలుసు. సరే, వేరే మాట.

మా తొమ్మిదో నంబరు మంచం మనిషి కోసం ప్రార్థన చెయ్యి. కాటా గుమాస్తా. బస్తాలు తూకం వేసి రాసుకునే పని. రెండు కాళ్ళూ మోకాలి కింద విరిగాయి. మెట్ల మీద నుంచి పడ్డానంటాడు. ఇరవై రెండేళ్ళుగా ఎముకలు చూస్తున్నాను, పడితే అలా విరగవు. ఒకే చోట, ఒకే ఎత్తులో, ఒకదాని తర్వాత ఒకటి విరగ్గొట్టారు. నేను కట్టు మారుస్తుంటే నిన్న నోరు విప్పాడు. తనతో పనిచేసే హమాలీని కొట్టి చంపుతుంటే చూశాడట. ఏప్రిల్ 12న జడ్జి ముందు చెప్పాలట. చెబితే చంపుతారు, చెప్పకపోతే నిద్ర పట్టదు అంటున్నాడు. ఊరి పేరు మాత్రం చెప్పడు. "మీరు ప్రార్థన చేస్తారట గదా సిస్టర్, నాకంత నమ్మకం లేదు గానీ, చేస్తే చెయ్యండి" అన్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

సెలవు దొరకదు. నా ఓటు సంగతి తర్వాత చూద్దాం.

అక్క

మార్చి 14, సోమవారం

అక్కా,

నీ క్షేమం తర్వాత అడుగుతాను, ముందు పోట్లాట. నీకు లాయరమ్మ గాలి సోకినట్టుంది. ఆమె మాటలే నీ నోట వస్తున్నాయి. జెండా పైపు ఎందుకు బరువు అంటావా? గాలికి వంగకుండా ఉండడానికి. ముప్ఫై ఏళ్ళుగా ఇనుముతో బతుకుతున్నవాణ్ణి, ఆమాత్రం నాకు తెలీదా?

నువ్వు నన్ను ఎంత తిట్టినా నీ మాట మాత్రం జవదాటను. నిన్న ఆదివారం నీ విన్నపం చదివాను. అమ్మ చేయించిన ప్రార్థన పెట్టె ఇంకా అదే చోట, తలుపు పక్కనే ఉంది. చీటీలు నేనే తీసి చదువుతున్నాను. దూరం నుంచి ఉత్తరంలో వచ్చిన విన్నపం ముందు చదవాలన్నది కూడా అమ్మ పెట్టిన రూలే కదా. ఆమె చెప్పినట్టే వివరంగా చదివాను. "ఎవరి కోసమో, ఎక్కడున్నారో సరిగ్గా చెప్పాలి, లేకపోతే ప్రార్థన దారి తప్పుతుంది" అనేది, గుర్తుందా? పెద్దాసుపత్రి, ఎముకల వార్డు, తొమ్మిదో నంబరు మంచం, కాటా గుమాస్తా, ఏప్రిల్ 12న జడ్జి ముందు నిజం చెప్పడానికి ప్రభువు ధైర్యం ఇవ్వాలి అని. అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. పాటల అవ్వ వెక్కి వెక్కి ఏడ్చింది.

ముందు వరసలో గోదాముల ఆయన కూర్చున్నాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ఆయనే. ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "మీ అక్కగారు ఎంత మంచి పని చేస్తున్నారండీ. ఆ మనిషి ఎవరో పాపం. మనవాళ్ళని పంపించి పరామర్శ చేయిస్తా. చూడ్డానికి ఏ టైముకి రానిస్తారో?" అన్నాడు. మధ్యాహ్నం మూడింటికని చెప్పాను. ఊరూ పేరూ తెలియని మనిషి కోసం అంత ఇదైపోయే మనసు ఎంతమందికి ఉంటుంది? ఆమధ్య ఆయన గోదాములో బస్తాల వరస కూలి ఒక హమాలీ పోతే, చెక్కపెట్టె చేయించి, సమాధి దగ్గర నిలబడి మట్టి వేసింది కూడా ఆయనే. దాన్ని పట్టుకుని లాయరమ్మ ఆ హమాలీ పెళ్ళాం చేత కేసు పెట్టించింది. మంచికి రోజులు కావు.

వచ్చినవాళ్ళని మర్యాదగా చూడు. నీ నోటి దురుసు వాళ్ళ మీద చూపించకు.

తమ్ముడు

మార్చి 18, శుక్రవారం

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న నాలుగింటికి నా చేతికొచ్చింది. వాళ్ళు మూడింటికి వచ్చారు.

నా కింది దవడ రెండు చోట్ల విరిగింది. పైదీ కిందిదీ కలిపి తీగతో కట్టేశారు. అందుకే ఫోను చెయ్యలేదు. కుడి చెయ్యి బాగానే ఉంది, రాయగలను. ఇంకొకరి చేత చెప్పించే మాటలు కావు ఇవి.

ఇద్దరు. తెల్ల చొక్కాలు. ఒకడి చేతిలో పళ్ళ బుట్ట. "మీ తమ్ముడుగారి చర్చి నుంచి వచ్చాం సిస్టర్, తొమ్మిదో నంబరు ఆయన కోసం ప్రార్థన చేసి పోతాం" అన్నారు. ఎంత సంతోషం వేసిందో తెలుసా నాకు! తిట్టి రాసినా నా మాట మన్నించాడు మా వాడు అనుకున్నాను. నేనే, నా కాళ్ళతో నేనే వాళ్ళని తొమ్మిదో మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. స్టూలు కూడా వేశాను. ఆ గుమాస్తా వాళ్ళని చూసి గోడ వైపు జరగబోయాడు. కాళ్ళకి బరువులు కట్టి ఉన్నాయి కదా, ఎక్కడికి జరుగుతాడు? కొత్తవాళ్ళని చూసి బిడియపడుతున్నాడనుకుని, "ఏం కాదు, మావాళ్ళే" అని చెప్పాను. నేనే చెప్పాను.

బుట్ట పట్టుకున్నవాడు ప్రార్థన మొదలుపెట్టాడు. చక్కగా చేశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. ఆమెన్ అనకముందే మొదటి దెబ్బ పడింది.

కళ్ళు తెరిచేసరికి మంచం మీద తెల్లదుప్పటి తెల్లగా లేదు. బుట్ట అడుగున దాచి తెచ్చిన రెండడుగుల పైపు ముక్క. తల మీద కొడుతున్నాడు, మేకు దిగ్గొట్టినట్టు, తొందర లేకుండా. రెండోవాడు కాళ్ళకి కట్టిన బరువు పట్టుకుని కిందికి గుంజుతున్నాడు, అతుక్కుంటున్న ఎముకలు మళ్ళీ విరిగేదాకా. ఆ చప్పుడు నాకు తెలిసిన చప్పుడే. నేను మీద పడ్డాను. ఎడమచెయ్యి అడ్డం పెడితే చేతి మీద ఒకటి, దవడ మీద ఒకటి కొట్టారు. వార్డులో లేవగలిగినవాళ్ళు లేచారు. వేళ్ళు విరిగినవాడూ మోకాలి చిప్ప లేనివాడూ ఇద్దరూ కలిసి ఊతకర్రలతో వాళ్ళ మీద పడ్డారు. అప్పుడు పైపు పడేసి పరిగెత్తారు.

ఆయన ఇంకా ఊపిరి తీస్తున్నాడు. కళ్ళు తెరవలేదు.

నా ఎడమచేతి మీద దెబ్బ పడిన చోట కమిలి నల్లగా వాచింది. ఆ వాపు మధ్యలో ఒక గుర్తు అచ్చు దిగింది. చిన్న శిలువ. ఆ పైపు మూత తిప్పి చూశాను. నీ చేతి పని నేను గుర్తుపట్టలేనా?

ఇంకొకటి. మొన్న పదిహేనున గుమాస్తా నాకు ఊరు పేరూ గోదాము పేరూ చెప్పాడు. మన ఊరే. నీ గోదాముల ఆయనే. గోదాము వాకిట్లో ముగ్గురు పట్టుకుంటే ఆ హమాలీని ఇనప కొక్కెంతో కొట్టింది ఆయనే స్వయంగా. ఈ మాట నీకెలా రాయాలా, నువ్వెంత బాధపడతావో అని రెండు రోజులు కలం పట్టుకుని కూర్చున్నాను. ఆ రెండు రోజులే కొంప ముంచాయి. వాళ్ళు చర్చి పేరు చెప్పగానే నువ్వే గుర్తొచ్చావు గానీ, ఆయనా అదే చర్చి అన్నది తట్టనే లేదు.

అక్క

మార్చి 19, శనివారం

అక్కా,

ఇంకా అలకేనా? వాళ్ళు గురువారం వచ్చి వెళ్ళారట గదా. "మీ అక్కగారు బాగా ఆదరించారు, దగ్గరుండి చూపించారు" అని గోదాముల ఆయన ఇవాళ మన షాపుకొచ్చి మరీ చెప్పాడు. నా భుజం తట్టి, "మీ ప్రార్థన ఫలించిందండీ" అన్నాడు. నీ నుంచి ఒక్క ముక్క లేదు. పళ్ళు తీసుకున్నందుకైనా థ్యాంక్సు చెప్పొద్దూ?

ఇంకో వంద పైపులు కావాలట. ఎల్లుండి నుంచి పనితో ఊపిరాడదు.

నీ ఉత్తరం కోసం చూసే
తమ్ముడు

మార్చి 22, మంగళవారం

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. షాపు మూసేశాను.

ఫోను చేస్తే నువ్వు మాట్లాడలేవని అక్కడివాళ్ళన్నారు. నీ ఊపిరి చప్పుడైనా వినిపించమంటే పెట్టేశారు.

అక్కా, నన్ను తిట్టు, కొట్టు. కానీ నెమ్మదిగా ఆలోచించు. ఆ పైపులు రెండు వందలు ఊరంతా తిరుగుతున్నాయి, అవతలి పార్టీవాళ్ళు ఒకటి ఎత్తుకెళ్ళి ఉండొచ్చు కదా? మన చర్చి పేరు చెప్పి మనల్ని పాడు చెయ్యడానికే చేసి ఉండొచ్చు కదా? పాస్టరుగారికి చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది. లేచి తలుపు గడియ వేశారు. తర్వాత, "బాబూ, ఎన్నికల ముందు ఇది బయటికొస్తే మనల్ని మళ్ళీ ఈడుస్తారు, ఈసారి మట్టి కుక్కి ఊరుకోరు" అన్నారు.

నేను అడిగేది ఒక్కటే. ఏప్రిల్ 5 దాటనివ్వు. ఓట్లు పడ్డాక నువ్వు ఎవరికి ఏం చెప్పినా నేను అడ్డురాను. పద్నాలుగు రోజులే. రెండు వందల కుటుంబాలు ఆ గోడ వెనక దాక్కుని బతుకుతున్నాయి. ఆయన ఓడిపోతే ఆ మూక రాదని నువ్వు హామీ ఇస్తావా? నా తల మీద కుట్లు నువ్వే చూశావు కదా.

నువ్వు తొందరగా కోలుకోవాలని ఉపవాసం ఉంటున్నాను. చీటీ మాత్రం పెట్టలేదు. పెట్టె దగ్గరికి పోవాలంటే కాళ్ళు రావడం లేదు.

తమ్ముడు

మార్చి 25, శుక్రవారం

తమ్ముడూ,

తొమ్మిదో నంబరు మంచం బుధవారం పొద్దున్న ఖాళీ అయింది. కళ్ళు తెరవకుండానే పోయాడు. దుప్పటి నేనే మార్చాను, పరుపు నేనే కడిగాను. ఎంత కడిగినా పరుపు కుట్లలో ఎర్రగా మిగిలింది. సరిగ్గా చెప్పాలి గదా, అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నిన్ను చంపాలనిపించింది. నిజం చెబుతున్నాను. దవడ కట్టేసి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ అరుపుకి వార్డంతా లేచేది. ఎవడో ఎత్తుకెళ్ళాడంటావా? మూడింటికి రానిస్తారని ఎవడికి తెలుసు? నువ్వు ఎవరి చెవిలో వేశావో వాడికి తెలుసు.

రెండోసారి చదివితే నా మీద నాకు అసహ్యం వేసింది. నేనూ ఆ చర్చిలోనే పెరిగాను. నీకు రాస్తే చీటీ అవుతుందని, చీటీ అయితే పైకి చదువుతావని, అమ్మ రూలు ప్రకారం మంచం నంబరుతో సహా చదువుతావని నాకు తెలియదా? ఇరవై ఏళ్ళు దూరంగా ఉండి మర్చిపోయాను. ఆయన ఎక్కడ పడుకున్నాడో రాసింది నేను. చదివింది నువ్వు. ఇద్దరం కలిసే ఆయన్ని అప్పగించాం.

లాయరమ్మకి వెయ్యమని నేను చెప్పను. ఆమె కూడా పోయిన నెల ఫోటోవాళ్ళని వెంటబెట్టుకుని మా వార్డుకి వచ్చింది, మంచాల మధ్య నిలబడి ఉపన్యాసం ఇస్తే తిట్టి పంపించాను. అయితే ఆ హమాలీ పెళ్ళాం ఊళ్ళో గడప గడపకీ తిరిగిందట. కోర్టు మెట్లదాకా ఆమెతో నడిచింది ఒక్క లాయరమ్మేనట. గుమాస్తా చెప్పాడు. ఆ హమాలీ పెళ్ళాం మన చర్చి గడప కూడా ఎక్కిందట. ఆ రోజు ఆమెకి తలుపు తీసిందెవరో నాకు తెలియదు, నువ్వు మాత్రం కాకూడదని ఈ రెండు రోజులుగా దేవుణ్ణి అడుగుతున్నాను.

గోడ అంటావు. నాకూ భయమేరా. కానీ ఆ గోడ ఇవతల మనం చేతులు జోడించుకుని కూర్చుంటే, అవతల మన పేరు చెప్పి తలలు పగలగొడుతున్నారు. అలాంటి గోడ వెనక ప్రభువు మనతోపాటు కూర్చుంటాడని నేననుకోను. ఆయన తొమ్మిదో మంచం మీదే ఉన్నాడు.

పద్నాలుగు రోజులు ఆగమన్నావు. ఆగలేదు. నిన్న మేజిస్ట్రేటు వస్తే అంతా కాగితం మీద రాసి ఇచ్చాను. పైపు ఇచ్చాను. చెయ్యి చూపించాను. నీ ఉత్తరం ఇవ్వలేదు. "ఈ గుర్తు ఎవరిది" అని అడిగారు. తమ్ముడి చేతి పని అని రాయడానికి కలం కదల్లేదు. తెలియదని రాశాను. నా జీవితంలో కాగితం మీద అబద్ధం రాయడం అదే మొదలు. దాన్ని సరిచేసే పని నీది.

అక్క

ఏప్రిల్ 8, శుక్రవారం

అక్కా,

ఈ కోడిగీతలు చూసి భయపడకు. ఎడంచేత్తో రాస్తున్నాను. నాకు అక్షరాలు నేర్పినప్పుడు నువ్వు ఇలాంటి వంకర రాతలే చూసి నవ్వేదానివి.

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. ఆ హమాలీ పెళ్ళాం చర్చికి వచ్చిన రోజు తలుపు తీసింది నేనే. "మా ఆయన్ని కొట్టి చంపారయ్యా, మీ పెద్దలతో ఒక్క మాట చెప్పించండి" అంది. "ఎన్నికలయ్యాక రామ్మా" అన్నాను. నీతో అన్నమాటే ఆమెతోనూ అన్నాను.

మొన్న ఆదివారం పెట్టె తెరిచాను. ఒకటే చీటీ ఉంది, నేను రాసిందే. అమ్మ రూలు ప్రకారం వివరంగా చదివాను. "తొమ్మిదో నంబరు మంచం మనిషిని చంపేశారు. ఆయన ఎక్కడున్నాడో ఇక్కడే నిలబడి చెప్పింది నేను. ఏ టైముకి వెళ్ళాలో చెప్పింది నేను. పైపు చేసింది నేను, దాని మీద శిలువ కొట్టింది నేను. అడిగింది ముందు వరసలో కూర్చున్న ఆయన. నన్ను క్షమించమని ప్రార్థించండి, ఆయనకి ఓటు వెయ్యకండి."

ఒక్కరు కూడా ఆమెన్ అనలేదు. గోదాముల ఆయన లేచి, నా వైపు చూడకుండా, నెమ్మదిగా బయటికి నడిచాడు. నేను మెట్లు దిగేసరికి నలుగురున్నారు. పైపులతోనే కొట్టారు. నా పైపు ఎంత గట్టిదో నా పక్కటెముకలకి తెలిసింది. మూడు విరిగాయి. తర్వాత నన్ను గేటు దాకా ఈడ్చి, కుడి చెయ్యి కీలు సందులో పెట్టి గేటు మూశారు. నేను చేసిన గేటే. రెండోసారి మూశారు. మూడోసారి మూయబోతుంటే పాటల అవ్వ వచ్చి నా మీద బోర్లా పడుకుంది. ఆమెని కడుపులో తన్నారు. తంతూ ఉంటే కూడా లేవలేదు. పాడుతూనే ఉంది, గొంతు పోయేదాకా. మిగతా అందరూ మెట్ల మీద నిలబడి చూశారు. పాస్టరుగారు తలుపు దగ్గర ఉన్నారు. ఈసారి ఆయన నోట్లో ఎవరూ మట్టి కుక్కలేదు, అయినా మాట రాలేదు. ఆయన మీద నాకు కోపం లేదు. పోయిన నెల నేనూ అలాగే నిలబడ్డాను.

మంగళవారం ఓటుకి వెళ్ళాను. కట్లతో, కుంటుకుంటూ. వరసలో మనవాళ్ళు నా ముందూ వెనకా జరిగి చోటిచ్చారు, నాకేదో అంటురోగం ఉన్నట్టు. తెర వెనక నిలబడితే, అక్కా, అలవాటుగా ముద్ర గోదాముల ఆయన గుర్తు మీదికే పోయింది. అంతగా పాతుకుపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ హమాలీ పెళ్ళాం మొహం గుర్తు చేసుకున్నాను. లాయరమ్మకి వేశాను. ఆమె మన మనిషి కాదు, మన గోడ కాపాడదు, రేపు మనల్ని చూసి మళ్ళీ నవ్వుతుంది కూడా. నిలబడాల్సిన చోట నిలబడిందని వేశాను. మొదటిసారి ఎవరో చెప్పారని కాకుండా, మోకాళ్ళ మీద నేనే అడిగి తెలుసుకుని వేశాను.

ఆయనే గెలిచాడు. నిన్న లెక్క తేలింది. మన వీధిలో ఊరేగింపు పోయింది. నేను చేసిన పైపులన్నీ ఒకేసారి రోడ్డు మీద కొడుతూ పోయారు. నా షాపు తగలబెట్టారు.

నేనేం మంచివాణ్ణి అయిపోలేదు. చెయ్యి సలిపినప్పుడల్లా వాణ్ణి అదే గేటు సందులో పెట్టి మూయాలనిపిస్తుంది. వాణ్ణి క్షమించమని ప్రభువుని అడగబోతే నోరు తిరగడం లేదు. అది కూడా ఆయనే చూసుకోవాలి.

షాపు కాలకముందే ఒకటి తీసి దాచాను. శిలువ కొట్టే ఉలి. పన్నెండో తేదీన దాన్ని జడ్జిగారి బల్ల మీద పెడతాను. ఉలీ, పైపు మూతా, నీ చేతి మీది మచ్చా పక్కపక్కన పెట్టి చూసుకోమంటాను. గుమాస్తా చెప్పాల్సింది ఆయన చెప్పలేడు, నేను విన్నదీ నేను చేసిందీ నేను చెబుతాను. నువ్వు రాసిన ఆ ఒక్క అబద్ధం కొట్టేయమని కూడా చెబుతాను.

ఇంకా నాలుగు రోజులు. వాళ్ళు వెతుకుతున్నారు. నేను ఎక్కడున్నానో ఇందులో రాయడం లేదు. ఈ ఉత్తరం నీ దాకా ఎవరు తెస్తున్నారో అడగకు, చదివి చింపెయ్యి.

నాకోసం ప్రార్థన చెయ్యి అక్కా. మనసులోనే చేసుకో. అమ్మ రూలు ఈ ఒక్కసారికి పక్కన పెట్టు, పేరు చెప్పకు, ఊరు చెప్పకు. చిరునామా ఆయనకి తెలుసు.

తమ్ముడు